లెఫ్ట్ ఔట్

కరుణ ఫోన్ చేసేసరికి నేను వంటింట్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చున్నాను. ఆమె ఏడవలేదు. ముప్ఫై ఎనిమిదేళ్లు నర్సుగా చేసిన మనిషి. ఇలాంటి కబురు ఇంటివాళ్లకు ఎలా చెప్పాలో ఆమెకు తెలుసు. కూర్చునే ఉన్నావా అని ముందు అడిగింది. "పొద్దుగాల పోయిండు. నిద్రలనే. నొప్పేం లేకుండె," అంది. శనివారం చర్చిలో ప్రార్థన ఉందనీ, వీలైతే రమ్మనీ చెప్పింది. వస్తానన్నాను.

ఎవరైనా పోయారంటే ముందు వాళ్ల ముఖం కళ్ల ముందుకొస్తుంది. నాకు కరుణ భర్త ఎడమ కాలు గుర్తొచ్చింది. సన్నటి పిక్క, దాని మీద ఉబ్బిన నరం, అరికాల్లో చిన్నప్పుడు మేకు దిగిన మచ్చ, ఎన్నిసార్లు ఊడినా వంకరగానే మొలిచే చిటికెనవేలి గోరు. నేను ఫిజియోథెరపిస్టుని. ఆ కాలితో నాకు పదేళ్ల పరిచయం. ఆ కాలితో ఆయన ఏం చేయగలడో చూసినవాళ్లు ఈ అమెరికాలో ఎక్కువమంది లేరు. చూసినవాళ్లలో చాలామందికి ఆయన పేరు నోరు తిరిగేది కాదు. సోమవారం పూట మా ఊరి పేపర్లో, ఆటల పేజీ అడుగున, వాళ్ల ఫుట్‌బాల్ జట్టు మ్యాచ్ గురించి నాలుగు లైన్లు పడేవి. ఆ పేరు ఒక్కసారి కూడా సరిగ్గా అచ్చు కాలేదు. వారానికో కొత్త స్పెల్లింగు. ఆయన ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. "ఎవలో మంచిగ ఆడిండని రాసిన్రు," అని పేపరు మడిచి పక్కన పెట్టేవాడు. అందుకే నేనూ ఇక్కడ పేరు రాయడం లేదు.

మొదటిసారి చూసింది 1978 వేసవిలో. డెట్రాయిట్‌కి ఉత్తరాన ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో అప్పుడే నాకు ఉద్యోగం దొరికింది. మద్రాసులో చదువుకుని, పెళ్లయి మా ఆయన వెంట వచ్చి, లైసెన్సు పరీక్ష రెండోసారికి పాసయ్యాను. మా ఆయన ట్రాయ్‌లో కార్లకు సంబంధించిన కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. ఆసుపత్రిలో మా విభాగం బేస్‌మెంట్‌లో ఉండేది. కరుణ మూడో అంతస్తులో సర్జరీ వార్డు నర్సు. ఆ భవనం మొత్తానికి తెలుగు మాట్లాడేవాళ్లం మేమిద్దరమే. తను సికింద్రాబాద్, నేను తెనాలి. ఒకరి మాటకు ఒకరం నవ్వుకుంటూ లంచ్ టైమ్‌లో కలిసి తినేవాళ్లం. ఒకరోజు లంచ్‌కి భర్తను కూడా వెంటబెట్టుకుని కిందికి వచ్చింది.

పొట్టి మనిషి. ఇస్త్రీ ప్యాంటు, పలచగా నూనె రాసి దువ్విన జుట్టు. తొడ వెనక కండరం పట్టేసింది. ప్యాంటు తీసి నిక్కరుతో పడుకోమంటే కరుణ వైపు చూశాడు. ఆమె కసిరింది. కసిరి, తెర పక్కనే నిలబడింది. పరీక్ష చేస్తున్నంతసేపూ ఆయన కళ్లు పైకప్పు మీదే ఉన్నాయి. అయ్యాక ఒక్కటే అడిగాడు. "ఆదివారం మ్యాచున్నది సిస్టర్. అప్పటికి మంచిగైతదా?"

కాదన్నాను. మూడు వారాలు పరుగు మాటే వద్దన్నాను. బుద్ధిగా తలూపాడు. ఆదివారం వెళ్లి ఆడాడు. సోమవారం మళ్లీ నా బల్ల మీద ఉన్నాడు. ఆ తర్వాత పదేళ్లపాటు మా ఇద్దరి మధ్యా దాదాపు ఇదే నడిచింది.

మూడోసారి వచ్చినప్పుడు పిలుపు మార్చాడు. "సిస్టరంటే ఈడ చర్చిల ఉండే కన్యాస్త్రీలనుకుంటున్నరు. చెల్లె అంట," అన్నాడు. నేను అన్నయ్యా అనడం మొదలుపెట్టాను.

మా సూపర్‌వైజర్ డోరతి అని, యాభై దాటిన పొడుగాటి అమెరికన్ ఆవిడ. ఇంత చిన్న మనిషి ఫుట్‌బాల్ ఆడతాడంటే ఆమెకు నమ్మకం కుదరలేదు. ఆమెకు తెలిసిన ఫుట్‌బాల్ వేరు. హెల్మెట్లు పెట్టుకుని ఎద్దుల్లా గుద్దుకునేది. ఇది కాలితో ఆడేదని నేను చెప్పాక, జట్టులో ఏ స్థానమని ఆయన్నే అడిగింది. మన దగ్గర ఆ రోజుల్లో ఎడమ అంచున ఆడేవాణ్ని లెఫ్ట్ ఔట్ అనేవారు. ఆయన అదే చెప్పాడు, ఇంగ్లీషులో, నేను లెఫ్ట్ ఔట్ అని. ఆమెకు అది తనను అందరూ వదిలేశారని చెప్పినట్టు వినిపించింది. పాపం, ఆయన భుజం మీద చేయి వేసి, అలా చేయడం వాళ్ల తప్పనీ, మనసు కష్టపెట్టుకోవద్దనీ ఓదార్చింది. ఆమెకు అర్థమయ్యేట్టు ఆమెకూ, ఆయనకు అర్థమయ్యేట్టు ఆయనకూ నేను విడివిడిగా చెప్పాల్సి వచ్చింది. ఆయన నవ్వలేదు. "గామె చెప్పింది గూడ నిజమే చెల్లె. బంతి రాకుంటే లెఫ్ట్ ఔట్ అంటే గదే," అన్నాడు.

కాలి మీద వేడి కాపడం పెట్టినప్పుడు మాత్రమే సికింద్రాబాద్ కబుర్లు చెప్పేవాడు. కాపడం తీయగానే ఆపేసేవాడు. పదిహేడేళ్లు వచ్చేదాకా పరేడ్ గ్రౌండులో ఉత్తి కాళ్లతోనే ఆడాడట. మిలిటరీ వాళ్ల బూట్ల మధ్య. తర్వాత రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం, జట్టులో చోటు వచ్చాయి. బూట్లు వేసుకోవాల్సి వచ్చింది. "బూట్లేస్తే కాలికి చెవుడొస్తది," అనేవాడు. అమెరికాలో నర్సు ఉద్యోగం వచ్చింది కరుణకు. రైల్వే కొలువు మానేసి ఆమె వెంట తను వచ్చాడు. ఆ రోజుల్లో మన మగవాళ్లలో అలా వచ్చినవాళ్లు అరుదు. తెలుగువాళ్ల ఇళ్లలో ఎవరైనా మీరేం చేస్తుంటారని అడిగితే, కార్ల విడిభాగాల ఫ్యాక్టరీ గిడ్డంగిలో పనని సూటిగా చెప్పేవాడు. ఫుట్‌బాల్ సంగతి చెప్పేవాడు కాదు. ఒకసారి మా ఇంట్లోనే మా ఆయన స్నేహితుడొకరు, పెద్ద ఇంజనీరు, అయితే మీ మిసెస్ మీ స్పాన్సరన్నమాట, అని నవ్వాడు. ఆయన అవునని చెప్పి సాంబారు గిన్నె ఆ ఇంజనీరు వైపు జరిపాడు.

ఆ ఫ్యాక్టరీలో రంగులు వేసే యుగోస్లావ్ ఒకతను ఆయన్ని జట్టుకు తీసుకెళ్లాడు. అది పెద్ద లీగు కాదు, దాని కింది లీగు. పెద్ద లీగుకు అప్పట్లో టీవీ, స్టేడియాలు, విదేశాల నుంచి తెచ్చిన పేరున్న ఆటగాళ్లు. కింది లీగులో టైల్స్ పరిచే ఇటాలియన్ గోల్‌కీపరు, బేకరీలో పని చేసే పోలిష్ వాళ్లు, ఇద్దరు జమైకా అన్నదమ్ములు. కోచ్ ఒక ముసలి స్కాటిష్ ఆయన, పగలు బళ్లో ఊడ్చే పని. జట్టు యజమానికి తివాచీల దుకాణం. మ్యాచులు హైస్కూలు మైదానంలో. అది ఆ హెల్మెట్ల ఆట కోసం గీసిన మైదానం. వీళ్ల ఆటకు కావలసినంత వెడల్పు ఉండదు. పైగా ఆ గీతలన్నీ అడ్డంగా అలాగే ఉంటాయి. అంచున ఆడేవాడికి అసలు అంచే దగ్గరికి జరిగిపోయింది.

మ్యాచ్‌కి ముందు ఆయన ప్రతిసారీ ఆ మైదానాన్ని ఈ గీత నుంచి ఆ గీత దాకా అడుగులు లెక్కపెడుతూ నడిచేవాడు. పోయిన వారం నడిచిన మైదానమే అయినా సరే. ఒకసారి ఎందుకని అడిగాను. "ఈ దేశంల అన్ని పెద్దగుంటయి చెల్లె. గీ గ్రౌండొక్కటే చిన్నగున్నది. పెరిగిందేమోనని సూస్త," అన్నాడు. హాస్యానికి అన్నాడో లేదో ఇప్పటికీ చెప్పలేను.

కరుణకు డ్యూటీ లేని ఆదివారాలు మేం వెళ్లేవాళ్లం. మా ఆయన కారు నడిపేవాడు. చెక్క మెట్ల మీద దుప్పటి పరుచుకుని, ఫ్లాస్కులో టీ, డబ్బాలో పులిహోర. చుట్టూ చాలావరకు ఖాళీ మెట్లే. ఆటగాళ్ల భార్యలు, బేకరీ స్నేహితులు, కుక్కను తిప్పడానికి వచ్చి ఆగిన ఒకరిద్దరు.

ఆయన గీత మీద మడమ ఆనించి నిలబడేవాడు. బంతి రాక, పావుగంట, ఇరవై నిమిషాలు అలా ఒక్కడే నిలబడిన రోజులున్నాయి. వచ్చినప్పుడు పరుగెత్తడు, ఆగుతాడు. పూర్తిగా, బస్సు కోసం నిలబడ్డవాడిలా. ఆయన్ని అడ్డుకోవాల్సిన ఎదుటి జట్టు బ్యాక్ కూడా ఆగక తప్పదు. ఎవరు ముందు కదులుతారా అని ఇద్దరూ ఒకరి కాళ్లు ఒకరు చూసుకుంటారు. ఆ క్షణంలో మెట్ల మీద మా ఆయన కూడా టీ కప్పు నోటి దగ్గర ఆపేసేవాడు. తర్వాత ఎప్పుడు కదిలాడో తెలిసేది కాదు. అవతలివాడి వెనక ఉండేవాడు. గీత చివరిదాకా వెళ్లి, ఎడమ కాలితో బంతిని గోలు ముందుకు ఎత్తేవాడు. ఎత్తి, వెంటనే వెనక్కి తిరిగి తన చోటుకు నడక మొదలుపెట్టేవాడు. ఆ బంతి ఏమైందో చూడడు. గోలైతే మిగతావాళ్లు అరుస్తూ వచ్చి మీద పడేవాళ్లు, అప్పుడు తెలిసేది.

చూడవెందుకు అన్నయ్యా అని అడిగితే, "నా పని ఆడిదాకనే. తర్వాతది వాళ్లది. సూస్తే వాళ్ల మీద కోపమొస్తది," అన్నాడు.

ఇరాన్‌లో అమెరికన్లను బంధించి పెట్టిన రోజుల్లో, ఒక మ్యాచ్‌లో, మెట్ల మీది నుంచి ఒకడు ఆయన్ని ఇరాన్‌వాడనుకుని మొదటి నుంచీ తిడుతూనే ఉన్నాడు. ఆయన కార్నర్ కొట్టడానికి మూలకు వచ్చినప్పుడు వాడు చేతిలోని కప్పు విసిరాడు. అది భుజానికి తగిలి, లోపలిదంతా జెర్సీ మీద ఒలికింది. కరుణ లేచి నిలబడింది. ఆయన వంగి ఆ కప్పు తీసుకుని, పది అడుగులు నడిచి చెత్తడబ్బాలో వేసి వచ్చి, బంతిని సరిచేసుకుని కార్నర్ కొట్టాడు. రిఫరీ ఆలస్యానికి మందలించాడు. ఇంటికి వస్తుంటే కారులో మా ఆయన అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. వెనక సీట్లో ఆయన తడిసిన జెర్సీ ఒళ్లో పెట్టుకుని, కార్నర్ కొంచెం పొట్టిగా పడిందని మాత్రం బాధపడ్డాడు.

ఇక ఆ మోకాలి సంగతి రాయాలి. నలభై ఏళ్లకు పైగా నాతోనే ఉంచుకున్న సంగతి.

1980 అక్టోబరులో సీజన్ చివరి మ్యాచ్. రెండు రోజుల వాన. బురదలో పాదం దిగబడి ఉండగా ఒంటిని తిప్పాడు. పాదం తిరగలేదు. అరవకుండా కూర్చుండిపోయాడు. లేచి తనంతట తనే గీత దాటి బయటికి నడిచాడు. మర్నాటికి మోకాలు వాచిపోయింది. లోపలి మృదులాస్థి చిరిగిందనీ, ఆపరేషన్ తప్పకపోవచ్చనీ, ముందు కొన్నాళ్లు వ్యాయామంతో చూద్దామనీ ఎముకల డాక్టరు నా దగ్గరికి పంపాడు. ఆ చలికాలంలోనే ఫ్యాక్టరీలో సగం మందిని లేఆఫ్ చేశారు. అందులో ఆయన ఉన్నాడు. ఇంట్లో వంట, బట్టలు తనే చూసుకునేవాడు. కరుణ తెల్ల యూనిఫాం కాలర్ అంత పదునుగా ఎవరు ఇస్త్రీ చేస్తున్నారని వార్డు వార్డంతా అడిగేది. ఆయనకు మాత్రం ఒంట్లో గాలి తీసేసినట్టయింది. మంచు తవ్విన దారిలో రోజూ నడిచి వచ్చి, నేను చెప్పినదానికి రెండింతలు వ్యాయామం చేసేవాడు.

ఫిబ్రవరిలో ఉత్తరం వచ్చింది. చికాగో వైపు పెద్ద లీగు జట్టొకటి. ముందటి వేసవిలో వాళ్ల కోచ్ ఒక స్నేహపు మ్యాచ్‌లో ఆయన్ని చూశాడట. మార్చి నెల మధ్యలో ఆటగాళ్ల ఎంపిక కోసం మూడు రోజులు ట్రయల్స్, రమ్మన్నారు. దెబ్బ తగిలిందని విన్నాం కనుక, కాలు నయమైందని వైద్యం చేస్తున్నవాళ్ల దగ్గర కాగితం తెమ్మన్నారు. ఆయనకు ముప్ఫై ఒకటి. వాళ్లకు ఇరవై ఏడని చెప్పాడు. ఇంకోసారి పిలుపు రాదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

గురువారం ఉదయం వచ్చాడు. నిక్కరుతో కాదు, ఇస్త్రీ చొక్కా, ప్యాంటుతో. ముందు అవీ ఇవీ చేసి చూపించాడు. గొంతుక్కూర్చుని లేచాడు. ఎడమ కాలి మీద గదంతా గెంతాడు. కణతల మీద చెమట పట్టింది. నేను పడుకోమన్నాను. మోకాలి సందు మీద బొటనవేలు పెట్టి, మడమ పట్టుకుని కాలు పూర్తిగా మడిచి, పాదాన్ని బయటికి తిప్పి మెల్లగా చాపాను. నా వేలి కింద టక్కుమంది. ఇంకోసారి చేశాను. మళ్లీ అదే. ఆయనకూ తెలిసింది. పైకప్పు వైపే చూస్తూ అన్నాడు.

"రాయి చెల్లె. కాలు మంచిగున్నదని ఒక్క లైను."

"బాగాలేదు కదా అన్నయ్యా."

"నాకు ఎర్కే. మూడు దినాలు ఎల్లదీస్త. వాళ్లు తీసుకున్నంక ఆపరేషన్ చేపిచ్చుకుంట."

మధ్యలో మోకాలు బిగుసుకుపోతే జీవితాంతం కుంటాల్సి వస్తుందని చెప్పాను. అప్పుడు లేచి కూర్చున్నాడు. ఆయన నా ముఖంలోకి సూటిగా చూసి మాట్లాడింది ఆ రోజే.

"కుంటుత. ఆడినంక కుంటుడు వేరే, ఆడకుండ కుంటుడు వేరే."

నేను బల్ల దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు రాశాను. చిరుగు మానలేదు, శస్త్రచికిత్స అవసరం, ఈ స్థితిలో ఆడకూడదు. డాక్టరు మేం రాసినదాని కింద సంతకం పెట్టేవాడు. పెట్టాడు. అప్పుడు నా మనసులో ఆయన కాలి గురించి తప్ప ఇంకో ఆలోచన లేదని రాస్తే అది అబద్ధం. రెండుసార్లు రాసి సంపాదించుకున్న లైసెన్సు ఉంది. రేపు వాళ్లు చూసి, ఇది రాసిందెవరని అడిగితే అన్న భయం ఉంది. కొత్త దేశంలో తప్పు చేయకూడదన్న పట్టుదల ఉంది. నిజం కూడా ఉంది. ఏది ఎంత అంటే చెప్పలేను.

ఆయన ఇంగ్లీషు మెల్లగా చదివేవాడు, అక్షరాల కింద వేలు పెట్టి. చివరిదాకా చదివి, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. నాకు థాంక్స్ చెప్పాడు. వెళ్లేముందు, ఎప్పటిలాగే, తను పడుకున్న బల్ల మీది దిండు సరిచేశాడు.

మిగతాది తర్వాత కరుణ చెప్పింది. ఆ ఇటాలియన్ గోల్‌కీపరు తనకు తెలిసిన ఇంకో డాక్టరు చేత వేరే కాగితం రాయిస్తానన్నాడట. ఈయన ఒప్పుకోలేదు. బస్సెక్కి చికాగో వెళ్లి, నేను రాసిన కాగితమే కోచ్ చేతిలో పెట్టాడు. అతను చదివి, మరెందుకొచ్చావని అడిగాడు. మీరు కాగితం తెమ్మన్నారు, తెచ్చాను, అన్నాడట ఈయన. వాళ్లకు ఏం చేయాలో తోచక, కూర్చుని చూడమన్నారు. మూడు రోజులూ గీత బయట కూర్చుని చూసి వచ్చాడు.

కరుణ ఒక నెల నాతో లంచ్‌కి రాలేదు. లిఫ్టులో ఎదురుపడితే పలకరించేది, అంతే. ఒకరోజు తనే డబ్బా పట్టుకుని కిందికి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఇద్దరం తిన్నాం. ఆ విషయం ఎత్తలేదు.

మే నెలలో ఆయనకు ఆపరేషన్ అయింది. ఇప్పటిలా చిన్న రంధ్రంతో పోయేది కాదు అప్పుడు. మోకాలు పక్కన పొడుగ్గా కోశారు. మళ్లీ నా బల్ల మీదికి వచ్చాడు. కాగితం మాట లేదు. చికాగోలో తన చోటుకు ఎవరిని తీసుకున్నారో చెప్పాడు. "ఎడమ కాలే లేదు వానికి. అంత కుడికాలే. అయినా మంచిగ ఉరుకుతడు," అన్నాడు. ఆ మాటలో పుల్లవిరుపు కోసం వెతికాను. దొరకలేదు.

ఆగస్టు చివరికి మైదానంలోకి దిగాడు. మరో రెండు వేసవులు ఆడాడు. పరుగు తగ్గింది. దాని బదులు ఆగడం ఎక్కువైంది. ఇదివరకు ఒక క్షణం ఆగేవాడు, ఇప్పుడు మూడు క్షణాలు. ఆ కాలంలోనే చలికి నాలుగ్గోడల మధ్య ఆడే ఇండోర్ ఆట కొత్తగా వచ్చింది. చుట్టూ చెక్క గోడలు, బంతి వాటికి తగిలి తిరిగొస్తుంది. జనం బాగా వచ్చేవారు. ఒక్క చలికాలం ఆడి మానేశాడు. "గోడకు కొడితే గోడనే పాస్ ఇస్తది. గోడతోని ఏం దోస్తాన్ చేస్త?" అన్నాడు.

1983లో జట్టు మూతపడింది. మీటింగు లేదు, వీడ్కోలు మ్యాచ్ లేదు. తివాచీల యజమాని ఫోన్ ఎత్తడం మానేశాడు. స్కాటిష్ కోచ్ అందర్నీ బడి పార్కింగ్‌లోకి పిలిచి, కారు డిక్కీలోంచి ఎవరి బూట్లు, ఎవరి జెర్సీలు వాళ్లకు ఇచ్చేశాడు. ఈయన తన జెర్సీ ఇంటికి తెచ్చి, ఉతికి, ఇస్త్రీ చేసి, మర్నాడు తీసుకెళ్లి కోచ్‌కి తిరిగి ఇచ్చాడు. అది జట్టుదట. జట్టెక్కడుందని అడగాలనిపించి ఉంటుంది ఆ ముసలాయనకు. అడగలేదట. రెండు చేతులతో అందుకున్నాడట.

తర్వాతి ఏడు మా ఆసుపత్రిలోనే ఉద్యోగం దొరికింది, రోగుల్ని చక్రాల కుర్చీలో ఒక చోటి నుంచి ఇంకో చోటికి తీసుకెళ్లే పని. ముందు రోగి కాళ్లు కుర్చీ మీద సరిగ్గా ఉన్నాయో లేదో వంగి చూసేవాడు. తర్వాతే కుర్చీ కదిలేది. మలుపు దగ్గర ఒక్క క్షణం ఆపి, అవతల ఎవరైనా వస్తున్నారేమో చూసి, అప్పుడు తిప్పేవాడు. ముసలివాళ్లు ఆయన్నే పంపమని అడిగేవాళ్లు.

నేను అడగాల్సింది అడగడానికి ఏడేళ్లు పట్టింది. 1988 శీతాకాలం. ఇంటి కప్పు మీంచి పడి కాలు విరిగిన మనిషినొకణ్ని కిందికి తెచ్చాడు. డోరతి అతన్ని లోపలికి తీసుకెళ్లింది. మేమిద్దరం బయట బెంచీ మీద కూర్చున్నాం. ఆ రోజు నేను ఆ కాగితం అలా రాసి తప్పు చేశానా అన్నయ్యా, అన్నాను. ఏ కాగితమని ఆయన అడగలేదు.

కాదులే అంటాడని నేను ఎదురుచూశాను. అలా అనడం ఆయనకు చేతకాదని అప్పటికి తెలిసి ఉండాల్సింది.

"నువ్వు రాసింది నిజమే చెల్లె," అన్నాడు. "నాకు ఆ దినం నిజం అక్కర లేకుండె."

లోపలి నుంచి డోరతి పిలిచింది. ఆయన లేచి కుర్చీ తోసుకుంటూ వెళ్లాడు. మరుసటి ఏడు నేను ట్రాయ్‌లోని ఆసుపత్రికి మారాను. పండుగలకు కలిసేవాళ్లం, ఒకరింటికి ఒకరం వెళ్లేవాళ్లం. మళ్లీ ఎప్పుడూ ఆ ప్రస్తావన రాలేదు. నన్ను చెల్లె అని పిలవడంలో ఏ తేడా రాలేదు. ఆ మాట తీయకపోవడంలోనూ తేడా రాలేదు.

శనివారం చర్చికి నేను ఒక్కదాన్నే వెళ్లాను, మా ఆయన పోయి ఆరేళ్లు. తెలుగువాళ్లు కొంతమంది, ఆసుపత్రి పాతవాళ్లు ముగ్గురు వచ్చారు. పాటలు తెలుగులో పాడారు. సమాధి దగ్గర అంతా అయ్యాక, చెట్ల కింద ఒక తెల్లటి ముసలాయన ఒంటరిగా నిలబడి ఉండడం చూశాను. భారీ మనిషి, చేతికర్ర. కరుణ నన్ను ఆయన దగ్గరికి తీసుకెళ్లి పరిచయం చేసింది. క్లీవ్‌లాండ్ నుంచి నాలుగు గంటలు కారు నడుపుకుంటూ వచ్చాడట. ప్రతి క్రిస్మస్‌కీ వాళ్లింటికి కార్డు పంపే మనిషి. ఒహాయో జట్టులో రైట్ బ్యాక్. అంటే మైదానంలో అన్నయ్యకు ఎదురు నిలబడినవాడు. ఆరు వేసవులు ఆయన్ని తన్నడమే నా పని, అని తనే చెప్పాడు.

ఆ మోకాలికి వైద్యం చేసింది నేనేనని కరుణ ఆయనతో అంది. ఆయన నావైపు తిరిగి, చేతికర్ర మార్చుకుని, నిదానంగా చెప్పడం మొదలుపెట్టాడు. ఆపరేషన్ తర్వాత మొదటిసారి ఎదురుపడ్డప్పుడు, ఆట మొదలుకాకముందే ఈయన నడుచుకుంటూ తన దగ్గరికి వచ్చాడట. ఎడమ మోకాలు, లోపలి వైపు, అని వేలుతో కుట్లు చూపించాడట. ఎదుటి జట్టువాడికి ఎవరైనా ఇలాంటిది చెబుతారా? నాకెందుకు చెబుతున్నావని ఈయన్ని అడిగాడట.

"అప్పుడు తనేమన్నాడంటే," అన్నాడు ఆ ముసలాయన, "తెలియక తన్నావంటే ఆ నొప్పి నాది. తెలిసి తన్నావంటే నీది."

ఆ తర్వాత ఆ కాలి మీదికి వెళ్లడం తన వల్ల కాలేదన్నాడు. వెళ్దామని పాదం ఎత్తేవాడట, పాదం ఆగిపోయేదట. అది చాలు ఈయనకు. ఆ పక్క నుంచే దాటుకుని పోయేవాడు. మ్యాచ్ తర్వాత మ్యాచ్, అలాగే. రెండో వేసవి మధ్యలో ఒహాయో కోచ్ ఆ రైట్ బ్యాక్‌ని జట్టులోంచి తీసేశాడు. మళ్లీ ఎక్కడా చోటు దొరకలేదు. తండ్రి నడిపే హార్డ్‌వేర్ కొట్టుకు వెళ్లిపోయాడు.

కరుణ ఆయన వైపే చూస్తోంది. ఈ సంగతి ఆమెకూ కొత్త అని అర్థమైంది. తన వల్ల మీకు చోటు పోయిందని అన్నయ్యకు తెలుసా, అని నేను అడిగాను.

ముసలాయన తల అడ్డంగా ఊపాడు. ముప్ఫై ఏళ్లకు పైగా కార్డులు రాశాననీ, ప్రతిసారీ పెన్ను పట్టుకున్నప్పుడు ఆ మాట గుర్తొచ్చేదనీ అన్నాడు.

"రాయలేదు," అన్నాడు. "ఆయనకు దానితో ఏం పని?"

కింద దారిలో కార్లు ఒక్కొక్కటే కదులుతున్నాయి. ఇంటికి భోజనానికి రమ్మని కరుణ ఆయన్ని పిలిచింది. నేల వాలుగా, తడిగా ఉంది. నేను ఆయన పక్కకు వెళ్లి మోచేయి కింద చేయి పెట్టాను. ఏ కాలు నొప్పి అని అడిగాను. రెండూ, అన్నాడు. ముగ్గురం మెల్లగా కిందికి దిగాం.